వాగు అవతలి కోకో

బొపాక్రోమ్ అనే కోకో పల్లెలో అఫియా బ్రువా ఇంటికి ఎవరైనా కబురు తెస్తే గడప దగ్గరే ఆగి, "చెడ్డ కబురేం కాదు" అని ముందుగా చెప్పేవాళ్లు. ఆ ముక్క చెప్పకుండా నోరు తెరిస్తే ఆమె చేతిలో ఏది ఉంటే అది కింద పడేది. ఒకసారి పక్కింటి ఎక్వా పొమా "నీ కూతురు ఫోను చేసింది" అని మొదలుపెట్టిందో లేదో, పొయ్యి మీంచి దించుతున్న పులుసు కుండ మట్టిపాలైంది. కూతురు మాన్సా ఫోను చేసింది పసివాడికి మొదటి పన్ను వచ్చిందని చెప్పడానికి.

"నీకో మాట చెప్పాలంటే ముందు వంటిల్లు ఖాళీ చేయించాలే తల్లీ," అంది ఎక్వా, చిందిన పులుసులోంచి చేపముక్కలు ఏరుతూ.

అలాగని అఫియా పిరికి మనిషేం కాదు. తోటలో పాము కనిపిస్తే కత్తితో ఒక్క వేటు వేసి, ఆ కత్తితోనే మళ్లీ కలుపు నరుక్కునేది. భర్త పోయాక ఒంటిచేత్తో కోకో తోట నడుపుకొస్తోంది. ఎదురుగా వచ్చి నిలబడ్డ దేనికీ ఆమె జంకలేదు. ఇంకా రానిదానికే ఆమె గుండెలో దడ.

ఆ దడ ఎక్కడ పట్టుకుందో ఆమెకు తెలుసు. చిన్నతనంలో తల్లి కోకో తోట నడిమధ్య ఒక మహావృక్షం ఉండేది. నలుగురు చేతులు పట్టుకుని చుట్టినా అందనంత మాను. ఒకరోజు పొద్దున్నే కలప కంట్రాక్టరు మనుషులు రంపాలతో వచ్చి దాన్ని పడగొట్టారు. మాను పడిన దారిలో ఉన్న కోకో చెట్లన్నీ నుజ్జయిపోయాయి. చెట్టు సర్కారుదట, వాళ్లకు కాగితం ఉందట, తోట మనిషిని అడగాల్సిన పని లేదట. తల్లి ఏడవలేదు, పడిన మాను మీద కూర్చుని పొద్దుగూకేదాకా చేతిలో ఒక కోకో కొమ్మ పట్టుకుని అలాగే ఉండిపోయింది. అప్పటినుంచి తోటలో ఉన్నట్టుండి నిశ్శబ్దమైతే చాలు, అఫియా తల ఎత్తి వినేది.

వాళ్ల సెఫ్వీ సీమలో మగవాడు పోతే అతని ఆస్తి అతని తల్లి వైపు బంధువులది. భార్యకు మిగిలేది, బతికుండగా అతను పెద్దల ముందు ఇచ్చింది మాత్రమే. అఫియా భర్త ఎసుమాన్ ఆ పని చేసి పోయాడు. పెద్దలను కూర్చోబెట్టి, సారా సీసా తెప్పించి, "ఈ తోట నాతో కలిసి పెంచింది నా పెళ్లామే. తోట దీనిదే," అన్నాడు. ఆ సీసాలో సాక్ష్యంగా గుక్క తాగిన వాళ్లలో ఎసుమాన్ తమ్ముడు కోఫీ ఆన్సెరె కూడా ఉన్నాడు. తాగడం తాగాడు గాని, అన్న పోయిన దగ్గర్నుంచి వదిన తోటలో అడుగుపెట్టిన ప్రతిసారీ "మా అన్న కష్టం" అని ఒక నిట్టూర్పు విడిచేవాడు.

తోటను ఒక వాగు రెండుగా కోస్తుంది. వాగుకి ఇవతల పాత చెట్లు, మధ్యలో ఎసుమాన్ వదిలిపెట్టిన నీడ చెట్లు. అవతల నల్లమట్టి. అక్కడి కోకో ఏ ఏడు చూసినా విరగకాసేది. అవతలి నేలను అన్నదమ్ములిద్దరూ కలిసి ఒకే ఎండాకాలంలో నరికి, చెరిసగం పంచుకున్నారు. ఆ నేల చివర అడవి. సర్కారు కాపాడుకునే అడవి. దాని సరిహద్దు కచ్చితంగా ఎక్కడో చెప్పగలిగినవాళ్లు ఊళ్లో లేరు. ఒకప్పుడు గార్డులు ఏటేటా బాట నరికి హద్దు కనబడేలా ఉంచేవాళ్లు. తర్వాత గార్డులూ తగ్గారు, బాటా పొదలెక్కింది.

"మనం హద్దు దాటామా?" అని కొత్తగా పెళ్లయిన రోజుల్లో ఆమె మొగుణ్ణి అడిగేది.

"నేను దాటలేదు. వాగే జరిగింది," అని నవ్వేవాడు ఎసుమాన్.

ఆ నవ్వు చూసి ఆమె కూడా నవ్వేది. అతను పోయాక ఆ మాటలో నవ్వేమీ మిగల్లేదు.

కోకో సంఘం మీటింగులో కొత్త సంగతి చెప్పినరోజు అఫియా వెనక బెంచీ మీద కూర్చుంది. సంఘం తరఫున ఊరూరూ తిరిగే అమ్మాయి లారిబా నిలబడి మాట్లాడింది. ఉత్తరాది పిల్ల. కోకో చెట్టే పెరగని ఎండుసీమలో పుట్టి, కోకో గురించి చదువుకుని ఇక్కడికి వచ్చింది. సన్నగా, గొంతు మాత్రం గట్టిగా.

"సముద్రం అవతల కొనేవాళ్లు ఇక నుంచి ఒకటే అడుగుతారు. ఈ గింజ ఏ చెట్టుది, ఆ చెట్టు ఏ నేల మీదిది, ఆ నేల కోసం అడవి నరికారా అని. జవాబు లేని గింజ కొనరు. అందుకే ప్రతి తోట చుట్టూ నేను ఫోను పట్టుకుని నడుస్తాను. ఫోను గీత గీసుకుంటుంది. ఆ గీత లోపల పండిందే కాటా షెడ్డులో తూస్తాం."

"గీత అడవిలోకి వెళ్తే?" అని ముందు వరసలోంచి ఎవరో అడిగారు.

"ఆ ముక్క కోకో తీసుకోం. ఇంకోటి, మన సంఘం బస్తాలన్నీ ఒకే లారీలో వెళ్తాయి. ఒక్కరి బస్తా చెడ్డదైతే లారీ మొత్తం ఆగిపోతుంది."

అఫియా బెంచీ అంచు పట్టుకుని ముందుకు వంగింది. పక్కన కూర్చున్న ఎక్వా ఆమె మోకాలి మీద చెయ్యి వేసి, "ఊపిరి తీసుకో," అంది.

ఆ వారమంతా ఊళ్లో పుకార్లే. ఫలానా ఊళ్లో సైనికుల్ని దించి కోకో చెట్లు మొదలంటా నరికేశారని ఒకరు, తోటతో పాటు ఇల్లు కూడా పడగొట్టారని ఇంకొకరు. అఫియా ప్రతి పుకారూ వినేది, ప్రతిదీ నమ్మేది. తోటకి వెళ్లి వాగు ఒడ్డున నిలబడి అవతలి చెట్ల వంక చూసి తిరిగొచ్చేది. రాత్రి తిండికి ఫుఫు ముద్ద దంచుతూ రోకలి ఎత్తి దించడం మర్చిపోయేది.

"ఏమే, దంచుతున్నావా, ఆకాశాన్ని పొడుస్తున్నావా?" అని గోడ మీంచి ఎక్వా అరిచేది.

"ఆ ముక్క పోతే ఎట్లా అక్కా?"

"పోతే పోతుంది. ఇవతలిది ఉందిగా."

"ఇవతలిది కూడా పోతే?"

"అదెందుకు పోతుంది?"

"ఇవతలిదీ అవతలిదీ ఒకటే అనుకుంటే?"

ఎక్వాకి ఓపిక నశించింది. "నువ్వు చచ్చాక కూడా శవపేటికలోంచి తలెత్తి వాన వస్తుందేమో చూసే రకానివి," అంది.

లారిబా తమ ఊరి తోటలు కొలవడానికి వస్తుందనగా ఆన్సెరె వచ్చాడు. వదిన పెట్టిన చేమాకు కూర, ఉడికించిన అరటి కడుపునిండా తిని, చెయ్యి కడుక్కుని, అప్పుడు విషయంలోకి వచ్చాడు.

"వదినా, ఆ పిల్లని వాగు దాకా తీసుకెళ్లి అక్కణ్ణుంచి తిప్పేయ్. అవతల నాది కాదు అను. నేనూ అదే అంటున్నా."

"మరి అవతల కోకో?"

"కోసుకుందాం. ఎండబెట్టి ఇవతలి దాంట్లో కలిపేద్దాం. గింజ మీద పేరు రాసి ఉంటుందా?"

"లారీ ఆగిపోతుందని చెప్పింది కదయ్యా."

"ఆ పిల్ల అట్లాగే అంటది. దానికి జీతమిచ్చేది అందుకే." ఆన్సెరె పళ్ల మధ్య పుల్ల పెట్టుకున్నాడు. "ఆ నేల నరికేటప్పుడు మా అన్న కాలు గొడ్డలి దెబ్బకి చీరుకుపోయింది, గుర్తుందా? నువ్వే కట్టు కట్టావు. ఇప్పుడు పోయి ఫోనుకి చూపించి ఇచ్చేస్తావా? అదేనా ఆయనకి నువ్వు ఇచ్చే మర్యాద?"

ఆమె లేచింది. గిన్నెలు తోమడానికని పెరట్లోకి వెళ్లి, తోమినవే మళ్లీ తోమింది.

అఫియాకి ఒక ఇబ్బంది ఉంది. అబద్ధం ఆడాలంటే ఆమె కడుపు సహకరించదు. చర్చిలో చందా ఇచ్చానని ఒకసారి ఊరికే తలూపినందుకు పొద్దుటినుంచి సాయంత్రం దాకా పెరట్లోకీ ఇంట్లోకీ తిరిగిన మనిషి. లారిబా వచ్చిన రోజున ఆమె ఏమీ తినకుండా బయల్దేరింది. తిననందుకు కళ్లు తిరుగుతున్నాయి, తింటే ఏమవుతుందోనని భయం.

ఇవతలి తోట చుట్టూ నడుస్తున్నంతసేపూ లారిబా కబుర్లు చెప్పింది. నీడ చెట్లు చూసి మెచ్చుకుంది. "వీటిని నరక్కుండా ఉంచారు, మంచి పని చేశారమ్మా. చాలా తోటల్లో ఒక్కటి కూడా లేదు."

"మా ఆయన ఉంచాడు. నేనైతే మొలకలోనే పీకేద్దునమ్మా. చెట్టు పెద్దదైతే కంట్రాక్టరు వస్తాడు."

"ఇప్పుడు రాయించుకోవచ్చమ్మా, మీ చెట్టు మీదేనని."

"రాయించుకోవచ్చు," అంది అఫియా, నమ్మకం లేని గొంతుతో.

వాగు దగ్గరికి వచ్చారు. లారిబా ఫోను చూసుకుంటూ ఒడ్డు వెంట ఎడమకి తిరగబోయింది. అఫియా మోకాళ్ల లోతు నీళ్లలో దిగి మొహం కడుక్కుంది. మళ్లీ కడుక్కుంది. అవతలి ఒడ్డున కోకో చెట్లు ఎర్రగా పసుపుగా కాయలు వేలాడేసుకుని కనిపిస్తున్నాయి. ఒక్కో చెట్టునీ ఆమె ఎరుగును. మూడో వరసలో వంగి పెరిగిన చెట్టు కింద మాన్సాని గుడ్డ పరిచి పడుకోబెట్టి కలుపు తీసేది.

"అవతల ఎవరిదమ్మా తోట?" అని అడిగింది లారిబా మామూలుగా.

అఫియా నోరు తెరిచింది. తెలియదు అనాలి. ఆ ఒక్క మాట అంటే అయిపోతుంది. ఇవాళ అయిపోతుంది. రేపు కోత కోసేటప్పుడు అబద్ధం, ఎండబెట్టేటప్పుడు అబద్ధం, కాటా దగ్గర అబద్ధం, పై ఏడు మళ్లీ ఇదంతా. లారీ వెళ్లిన ప్రతిసారీ అది తిరిగొచ్చేస్తుందేమోనని రోడ్డు వంక చూస్తూ కూర్చోవాలి. అంతసేపు తాను తట్టుకోలేదు. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు.

"నాదే," అంది. "పద, అది కూడా చూద్దువుగాని."

అవతల నడిచేటప్పుడు లారిబా కబుర్లు ఆపేసింది. ఫోను వంక, అడవి వంక చూసుకుంటూ నడిచింది. చివర్లో అఫియా చెయ్యి పట్టుకుని, "పై ఆఫీసు చూసి చెప్తుందమ్మా. నేనేమీ చెప్పలేను," అంది. ఆమె మొహం చూస్తే చెప్పకుండానే అర్థమైంది.

ఫలితం రావడానికి చాలా వారాలు పట్టింది. ఆ వారాల్లో అఫియా కాలుగాలిన పిల్లిలా తిరిగింది. రోడ్డు మీద జీపు చప్పుడైతే సైనికులే అనుకునేది. మాన్సా ఫోను చేసి "అమ్మా, కొన్నాళ్లు నా దగ్గరికి వచ్చి ఉండు" అంటే, "నేను లేనప్పుడు వాళ్లు వస్తే?" అంది. "నువ్వుంటే ఏం చేస్తావు?" అని కూతురు అడిగింది. ఆమె ఫోను పెట్టేసి మళ్లీ రోడ్డు వంక చూసింది.

వచ్చింది సైనికులు కాదు. ఒక ముసలి గార్డు, ఒక అటవీశాఖ ఆఫీసరు, వెంట లారిబా. పొదలు నరుక్కుంటూ వెళ్లి, మట్టిలో కూరుకుపోయిన హద్దురాయి ఒకటి తవ్వి బయటికి తీశారు. రాయి వాగుకి అవతల, రెండో వరస కోకో చెట్ల మధ్య ఉంది. ఎసుమాన్ చెప్పినట్టు వాగు జరిగిందో లేదో గాని, వాగు పక్కన సన్నటి పట్టీ తప్పిస్తే అవతలిదంతా అడవి నేలే.

"నరికేస్తారా?" అని అడిగింది అఫియా.

"లేదు, నరికేయం," అన్నాడు ఆఫీసరు. "కాని ఇక ఆ కాయ అమ్మకూడదు. వానలు పడ్డాక ఆ నేలలో అడవి చెట్లు నాటాలి. ఎవరు సాగు చేశారో వాళ్లకే మొదటి అవకాశం. చెట్ల మధ్య అరటి, చేమదుంప వేసుకుని తినొచ్చు, అమ్ముకోవచ్చు. చెట్లు ఎదిగి కలప అయినప్పుడు అందులో మీకూ వాటా. ఒప్పందం రాసిస్తాం."

"కలప అయ్యేసరికి నేనుంటానా?"

"మీ కూతురు ఉంటుంది."

"కాగితం మా అమ్మ తోటలోకి కూడా వచ్చింది నాయనా. రంపం పట్టుకుని వచ్చింది," అంది అఫియా.

ఆఫీసరుకి ఆ మాట అర్థం కాలేదు. ముసలి గార్డుకి అర్థమైనట్టుంది. తల దించుకుని హద్దురాయి మీది మట్టి గోకుతూ ఉండిపోయాడు.

ఆన్సెరె వాటా నేల కూడా అదే వరసలో ఉంది కాబట్టి అదీ అడవి హద్దులోకి పోయింది. ఆ సాయంత్రం అతను వదిన ఇంటి ముందు నిలబడి వీధంతా వినేలా అడిగాడు.

"నీది పోతే పోయింది, నాదెందుకు పోగొట్టావు?"

"నేను నీ తోటలో అడుగు పెట్టలేదయ్యా. నాది చూపించాను."

"నీది చూపిస్తే నాది కనబడదా? మా అన్న ఉంటే నిన్ను..." అని ఆగిపోయాడు. తర్వాత, "ఆయన పెంచిన చెట్ల కాయ తినే హక్కు నీకు లేదు. నా సంగతి నేను చూసుకుంటాను. ఏం చేసుకుంటారో చేసుకోమను," అని వెళ్లిపోయాడు.

మర్నాటినుంచి అతని వైపు వాళ్లు అఫియా ఎదురైతే దారి మార్చుకున్నారు. ఆన్సెరె భార్య మాత్రం పెరటి దారిన వచ్చి ఉప్పు అడిగి తీసుకెళ్లేది.

ఆ ఏడు వాగు అవతల కాపు మరీ విరగబడింది. కోకో పెంచిన మనిషికి పండిన కాయని చెట్టు మీద వదిలేయడమంటే ఏడుస్తున్న పసిబిడ్డని వదిలేసి నడిచిపోవడమే. అఫియా రోజు విడిచి రోజు వెళ్లి చూసేది, మరిది వాటా వైపు మాత్రం పోయేది కాదు. కాయలు పసుపు తిరిగాయి. దోటి కత్తి చేతిలోనే ఉండేది, చెయ్యి దానంతట అదే లేచేది. కొన్నాళ్లకి ఉడతలు చిల్లులు పెట్టాయి. ఆపైన నల్లకుళ్లు తెగులు పట్టుకుంది. చెట్టు మీదే కాయలు మాడి నల్లబడి, బూజు పట్టి, పట్టుకుంటే మెత్తగా లోపలికి పోయేలా అయ్యాయి.

ఇప్పుడింకో భయం మొదలైంది. ఆ కుళ్లు వాగు దాటి ఇవతలికి వస్తే? ఆమె లారిబాకి ఫోను చేసింది.

"కోసి పాతిపెట్టనా అమ్మాయ్? అమ్మను. ఒట్టు."

"గార్డు వచ్చి చూసి రాసుకునేదాకా ముట్టుకోకండమ్మా. మీరు కోస్తే, కోసింది ఎటు పోయిందని అడుగుతారు."

"ఎప్పుడొస్తాడు?"

"ఈ వారంలో వస్తానన్నాడు."

ఆ వారం పోయింది, పై వారం కూడా పోయింది. గార్డు రాలేదు. వాన మాత్రం వదలకుండా పడింది.

అఫియా ఇవతలి కోకో కోసి, పగలగొట్టి, అరటాకుల కింద మాగబెట్టి, తడికల మీద ఎండబోసి కాటాకి వేసింది. ఎప్పుడూ తెచ్చే దాంట్లో సగం కూడా లేదు. సంఘం లారీ బస్తాలతో బయల్దేరింది. ఇక ఊపిరి పీల్చుకోవచ్చనుకుంటుండగా లారిబా మోటారు సైకిల్ మీద వచ్చింది. నేరుగా కాటా షెడ్డుకి వెళ్లి, సంఘం పెద్ద బాడుతో మాట్లాడి, అందర్నీ పిలిపించింది.

"లారీని డిపోలో ఆపేశారు," అంది. ఆమె గొంతులో ఎప్పటి గట్టితనం లేదు. "మనం కొలిచిన తోటల్లో పండాల్సిన దానికన్నా మన బస్తాలు ఎక్కువున్నాయి. ఎవరో బయటి కోకో కలిపారు. ఎవరిదో తేలకపోతే మొత్తం వెనక్కి పంపిస్తారు."

షెడ్డులో ఒక్కసారిగా గోల లేచింది. పిల్లల బడి ఖర్చులూ, ఆస్పత్రి ఖర్చులూ, ఇంటి రేకులూ అన్నీ ఆ లారీలోనే ఉన్నాయి. కాసేపటికి గోల సద్దుమణిగింది. ఎవరు ముందు తిప్పారో గాని తలలన్నీ అఫియా వైపు తిరిగాయి.

"వాగు అవతల ఈసారి విరగకాసింది," అన్నాడొకడు. "నేను అటు కట్టెలకి పోయినప్పుడు చూశా. అంత కాయ ఏమైనట్టు?"

"ఒంటరి ఆడది. పోగొట్టుకోబుద్ధి కాలేదేమో," అందొక ఆమె, జాలిపడుతున్నట్టు.

"ముందు తనే చూపించింది కదా," అంది ఎక్వా గట్టిగా.

"చూపించింది కాబట్టే ఎవరూ అనుమానించరని."

అఫియా లేచి నిలబడింది. ఇన్నేళ్లుగా ఆమె భయపడినవాటిలో ఇది లేదు. సైనికుల్ని ఊహించుకుంది, రంపాల్ని ఊహించుకుంది, వాన రాకపోవడం, వాన ఆగకపోవడం రెండూ ఊహించుకుంది. ఎరిగిన మొహాలు ఇలా చూస్తాయని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు. గుడ్డ కొంగు నడుముకి బిగించుకుని, "రండి," అంది. "వచ్చి చూడండి."

అందరూ వెళ్లారు. బాడు కర్ర ఊతంతో వాగు దాటాడు. వాగు దాటకముందే వాసన తగిలింది. పుల్లగా, కుళ్లుగా, గొంతుకి అడ్డం పడే వాసన. లోపలికి వెళ్లేసరికి చెట్టు చెట్టుకీ మొదలు నుంచి కొమ్మల దాకా నల్లటి కాయలు. కొన్ని రాలి కింద చితికాయి. ఈగలు ముసురుతున్నాయి. ఒక్క కాయ తొడిమ దగ్గర కూడా కత్తి గాటు లేదు. అందరూ కోకో పెంచేవాళ్లే, అది చూడలేక ఒకరిద్దరు ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. ఇందాక జాలిపడినట్టు మాట్లాడిన ఆమె ఒక కాయని ముట్టుకుని, చెయ్యి వెనక్కి తీసుకుంది.

"కోయకుండా ఎట్లా ఉండగలిగావే?" అంది మెల్లిగా.

అఫియా రాలిన కాయనొకదాన్ని కాలితో పక్కకి నెట్టింది.

ఆమె నేల అయిపోయి ఆన్సెరె నేల మొదలయ్యేచోట మధ్యలో కంచె లేదు. అవసరం కూడా లేకపోయింది. అటువైపు చెట్లు శుభ్రంగా ఉన్నాయి. ఒక్క కాయ లేదు. చెట్ల కింద పగలగొట్టిన డిప్పలు కుప్పలు కుప్పలుగా, ఇంకా పూర్తిగా ఎండకుండా పడి ఉన్నాయి. ఎవరూ వేలు చూపించలేదు. అందరూ అటే చూస్తున్నారు.

ఆన్సెరె గుంపు చివర నిలబడి ఉన్నాడు. మొదట నవ్వబోయాడు. "ఆ డిప్పలు పాతవి..." అన్నాడు. ఎవరూ నవ్వలేదు. అతను దగ్గర్లో ఉన్న మొద్దు మీద కూర్చుండిపోయాడు.

ఇప్పుడు అఫియాకి కసి తీరాలి. తీరలేదు. అతను అలా తల వంచుకుని కూర్చుంటే వెనకనుంచి అచ్చం ఎసుమాన్‌లాగే ఉన్నాడు, అవే చెవులు, అదే మెడ. కుర్రాళ్లు ఇద్దరు ముగ్గురు అతని వైపు జరుగుతున్నారు. ఒకడి చేతిలో కత్తి ఉంది. తోటకెళ్లే మనిషి చేతిలో కత్తి ఎప్పుడూ ఉండేదే, కాని ఆమె కంటికి ఇప్పుడది వేరేగా కనిపించింది.

ఆమె గబగబా నడిచి మధ్యలోకి వచ్చింది. "పెద్దాయనా," అంది బాడుతో, "తన బస్తాలేవో తనే చూపిస్తాడు. డిపోకి వెళ్లి తీయించేస్తాడు. లారీ కదులుతుంది. అంతే కదమ్మా లారిబా?"

"తీసేస్తే వదులుతారనే అనుకుంటున్నాను," అంది లారిబా. "మాట ఇవ్వలేను."

"చూపిస్తావు కదూ ఆన్సెరె?"

అతను కాళ్ల దగ్గరి డిప్పనొకదాన్ని తీసి చేతిలో తిప్పాడు. తర్వాత, తల ఎత్తకుండానే, "బస్తా మూతులు ఎర్ర దారంతో కుట్టాను," అన్నాడు.

ఆ పూటే లారిబా మోటారు సైకిల్ వెనక కూర్చుని వెళ్లాడు. లారీ వెంటనే కదల్లేదు. డిపోవాళ్లు మిగతా బస్తాలన్నీ మళ్లీ చూసి, ప్రశ్నల మీద ప్రశ్నలు వేసి, ఊరిని రోజుల తరబడి ఏడిపించి అప్పుడు వదిలారు. సంఘం ఆన్సెరెని ఈ కాపుకీ పై కాపుకీ పక్కన పెట్టింది. అతను ఊళ్లోంచి పోలేదు. వదినతో మాట్లాడనూ లేదు. దారిలో ఎదురైతే ఆకాశం వంక చూసేవాడు.

గార్డు ఆ తర్వాతెప్పుడో తీరిగ్గా వచ్చి, కుళ్లిన కాయలు చూసి రాసుకుని వెళ్లాడు. అప్పుడు అఫియా, ఎక్వా, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు కలిసి వాటిని కోసి గోతుల్లో పూడ్చారు. కుళ్లు అప్పటికే వాగు దాటింది. ఇవతల కొన్ని చెట్లు దెబ్బతిన్నాయి, పాత చెట్లే కాబట్టి తేరుకోలేదు. ఆమె వాటిని తన చేత్తోనే కొట్టేసింది.

తొలకరి పడ్డాక అటవీశాఖ నర్సరీనుంచి మొక్కలు వచ్చాయి. ఒఫ్రామ్, ఎమిరె అనే కలప చెట్లవి, కొన్ని మహోగని. ఒప్పందం కాగితం మీద వేలిముద్ర వేసేముందు అఫియా ఆ ఆఫీసరు చేత ప్రతి ముక్కా చదివించింది. మాన్సాని పిలిపించి ఆమె పేరు కూడా రాయించింది. ఒక నకలు తన దగ్గర, ఒకటి మాన్సా దగ్గర, ఒకటి బాడు దగ్గర, ఇంకోటి పాస్టరుగారి దగ్గర పెట్టించింది.

"దేవుడి దగ్గర కూడా ఒకటి పెట్టకపోయావా?" అంది ఎక్వా.

"పాస్టరుకి ఇచ్చింది అందుకేగా."

ఆమె మొక్కలు నాటడం మొదలుపెట్టింది. తల్లి తోటలో మాను పడిన చప్పుడు చెవుల్లో మోగింది. ఇప్పుడు తనే ఒక చెట్టుని మట్టిలో పెడుతోంది, అది పడేరోజు కోసం కాగితాలు దాచుకుంటోంది. తప్పు చేస్తున్నానేమో, రేపు ఎవరో వచ్చి కాగితం చెల్లదంటే మాన్సా ఎవరితో పోట్లాడుతుంది అనుకుంటూనే గుంత పూడ్చి మడమతో తొక్కింది. ఇంకో గుంత తవ్వింది. సాళ్ల మధ్య అరటి, చేమ పెట్టింది.

వరస చివరికి వచ్చేసరికి అవతల ఆన్సెరె నిలబడి ఉన్నాడు. అతని నేల ఖాళీగా గడ్డి పట్టి ఉంది. అతను ఒప్పందం మీద వేలిముద్ర వెయ్యలేదని, గడువు దాటితే ఆ నేల వేరేవాళ్లకి ఇస్తారని ఊరంతా చెప్పుకుంటున్నారు.

"మొక్కలేమైనా మిగిలాయా వదినా?" అన్నాడు. ఆ మాట అనడానికి అతను పొద్దుటినుంచీ అక్కడే తచ్చాడుతున్నాడని ఆమెకు తర్వాత తెలిసింది.

"మిగిలాయి. కాని ముందు పోయి వేలిముద్ర వెయ్యి. లేకపోతే నాటిందంతా ఎవడి పాలో."

"వేస్తా."

"చదివించుకుని వెయ్యి."

"వేస్తానన్నా కదా."

"నకళ్లు నాలుగు అడుగు," అంది అఫియా, బుట్టలోంచి మొక్కలు తీసి అతని వైపు నెడుతూ. "రేపు మధ్యాహ్నం ఆఫీసరు ఉండడట. పొద్దున్నే పో. బస్సు దొరకదేమో, ఇప్పుడే ఎవరి మోటారు సైకిలైనా మాట్లాడుకో."

ఆన్సెరె మొక్కలు ఎత్తుకున్నాడు. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "ఇవి ఎంత దూరంలో పెట్టాలి?"

ఆమె లేచి, చేతులకంటిన మట్టి దులుపుకుని, చూపించడానికి అతని నేలలోకి నడిచింది.